పాచికల ఆటకు లింకు డాక్యుమెంట్లు – నా అనుభవం

ముందుగా తెలియనివారి కోసం ఆట గురించి రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు అందులో పాత్రలవుతారు. కత్తివేటు తగిలిందా, తాళం ఊడిందా, కాపలావాడు మన అబద్ధాన్ని నమ్మాడా అనేది 20 ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో తెచ్చిన ఈ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఇందులో ఆడుకోవడానికి సాహసగాథలు రాసి పీడీఎఫ్‌లుగా అమ్మేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. పగలు హైదరాబాదులో ఉద్యోగం, రాత్రి ఈ రాతపని చేసుకునే నేనూ వాళ్లలో ఒకణ్ణి. న్యూజెర్సీలో ఉండే నా చిన్ననాటి స్నేహితుడు పటాలు గీస్తాడు, నేను కథ, శత్రువుల గణాంకాలు రాస్తాను. రాసేది ఇంగ్లిషులోనే. కొనేవాళ్లు దాదాపు అందరూ అమెరికా, యూరప్ వాళ్లు. బొమ్మలు వేసినవారికి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలేది ఇంట్లో గొప్పగా చెప్పుకునే మొత్తం కాదు.

మరొకరి ఆటకు మేము పుస్తకాలు రాసి ఎలా అమ్ముకుంటున్నామని ఎవరైనా అడగవచ్చు. దానికి ఆధారం 2000లో వచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్. అందరూ ఓజీఎల్ అంటారు. ఆటను మొదట ప్రచురించిన టీఎస్ఆర్ కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొన్నది. ఆ విజార్డ్స్‌ను 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో కొన్నది. ఆ మరుసటి ఏడాది మూడో ఎడిషన్‌తో పాటు ఓజీఎల్ వచ్చింది. దీని వెనుక ఉన్న విజార్డ్స్ ఉద్యోగి ర్యాన్ డాన్సీ లెక్క సూటిగా ఉండేది. చిన్న చిన్న సాహసగాథలు, అనుబంధాలు పెద్ద కంపెనీకి లాభసాటి కావు, వాటిని బయటివాళ్లను రాసుకోనిద్దాం, అవి కొన్న ప్రతివాడూ చివరికి మన ప్రధాన నియమావళి కొనక తప్పదు కదా అని. అందుకని నియమాల్లో ఒక భాగాన్ని సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్, అంటే ఎస్ఆర్‌డీ పేరుతో విడిగా ఇచ్చి, దాన్ని ఓజీఎల్ షరతులకు లోబడి ఎవరైనా వాడుకోవచ్చన్నారు. రాయల్టీ లేదు, ముందస్తు అనుమతి లేదు.

మేము వాడుకున్నది అయిదో ఎడిషన్ ఎస్ఆర్‌డీ. 2016 నుంచి అందుబాటులో ఉంది. 400 పేజీలకు పైగా ఉన్నా అందులో ఉన్నవాటి కంటే లేనివాటినే ఎక్కువగా గుర్తుపెట్టుకోవాలి. పాత్రల పూర్వ జీవితాన్ని చెప్పే నేపథ్యాలు అసలు పుస్తకంలో చాలా ఉంటే, ఎస్ఆర్‌డీలో ఉన్నది ఒక్క ఆకొలైట్, అంటే గుడిలో పెరిగినవాడు. ప్రత్యేక నైపుణ్యాల్లో ఉన్నదీ ఒక్కటే, అది కుస్తీ. దీన్ని మాత్రమే పట్టుకుని నాలుగు పాత్రలు తయారుచేస్తే నలుగురూ పూజారి కొడుకులే అవుతారు. అందుకే నేపథ్యాలన్నీ మేమే సొంతంగా రాసుకున్నాం. ఈ జాగ్రత్త తర్వాత బాగా పనికొచ్చింది.

ఓజీఎల్ చాలా చిన్న పత్రం. మొత్తం 15 సెక్షన్లు, ఒకటిన్నర పేజీ. దాన్ని పూర్తిగా ప్రతి పుస్తకంలో అచ్చువేయాలి. పుస్తకంలో ఏది ఓపెన్ కంటెంటో, అంటే ఇతరులు తీసుకుని వాడుకోదగ్గదేదో, స్పష్టంగా చెప్పాలి. అవతలివాళ్ల ట్రేడ్‌మార్కు పేరు చెప్పి మా పుస్తకం దానికి సరిపోతుందని ప్రకటించుకోకూడదు. చివరి సెక్షన్ 15లో మనం ఎవరెవరి నుంచి తీసుకున్నామో, వాళ్లు ఎవరి నుంచి తీసుకున్నారో, ఆ కాపీరైటు ప్రకటనలన్నీ వరుసగా పెట్టాలి. కొన్ని పుస్తకాల్లో ఈ జాబితా ఒక నిలువు వరుస నిండా ఉంటుంది. చదివేవాళ్లెవరూ ఉండరు. నేను కూడా పాత పుస్తకంలోంచి తెచ్చి కొత్త పేరు కలిపేవాణ్ణి, అంతే.

2022 డిసెంబరు 21న విజార్డ్స్ ఒక ప్రకటన చేసింది. కొత్త ఏడాదిలో ఓజీఎల్ 1.1 వస్తుంది, ఏడాదికి 50,000 డాలర్లు దాటి సంపాదించేవాళ్లు ఆదాయం వివరాలు తెలపాలి, 7,50,000 దాటినవాళ్లు రాయల్టీ కట్టాలి అన్నది సారాంశం. నా స్నేహితుడు ఫోను చేసి, "ఆ యాభై వేల లైను మనం ఈ జన్మకు చూస్తామా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా అమ్మకాలకు అది సుదూర తీరం.

2023 జనవరి 5న గిజ్మోడో వెబ్‌సైటులో లిండా కోడెగా రాసిన కథనంతో ఆ నవ్వు ఆగింది. లీకైన 1.1 ముసాయిదాలో 7,50,000 డాలర్లు దాటిన ఆదాయంపై 25 శాతం రాయల్టీ ఉంది. జనం నుంచి ముందే డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ ద్వారా అయితే 20 శాతం. ఊరంతా గోల చేసింది దీని మీదే. మాకు మాత్రం భయం వేసినవి వేరే వాక్యాలు. అప్పటిదాకా అందరం వాడుతున్న పాత ఓజీఎల్, అంటే 1.0ఎ కూర్పు, ఇకపై అధీకృతం కాదన్నారు. కొత్త లైసెన్సు కింద మనం రాసినదాన్ని విజార్డ్స్ రాయల్టీ లేకుండా, శాశ్వతంగా, ఎక్కడైనా వాడుకోవచ్చన్నారు. షరతులను 30 రోజుల నోటీసుతో మార్చవచ్చన్నారు. లైసెన్సు వర్తించేది అచ్చు పుస్తకాలకు, పీడీఎఫ్ వంటి కదలని ఫైళ్లకు మాత్రమేనన్నారు. నా స్నేహితుడి పటాలకు వర్చువల్ టేబుల్‌టాప్‌లో, అంటే దూరంగా ఉన్నవాళ్లు తెర మీద కలిసి ఆడే సాఫ్ట్‌వేర్‌లో, వాడే కూర్పులున్నాయి. గోడ వెనుక చీకటి, తలుపు తీస్తే వెలుతురు అన్నీ అమర్చి ఇస్తాడు. ఆ పని అంతా ఒక్క వాక్యంతో లైసెన్సు బయటికి పోయేట్టుంది.

ఇరవై ఏళ్ల పైబడిన లైసెన్సును అలా తీసేయవచ్చా? గొడవంతా సెక్షన్ 9 మీద నడిచింది. విజార్డ్స్ కొత్త కూర్పులు ప్రచురించవచ్చు, అధీకృతమైన ఏ కూర్పు కిందనైనా మీరు ఓపెన్ కంటెంటును వాడుకోవచ్చు అని అందులో ఉంది. పాత కూర్పును అనధీకృతం చేసే హక్కు ఉందా అన్న సంగతి ఎక్కడా లేదు. సెక్షన్ 4లో లైసెన్సు శాశ్వతం అని ఉంది, రద్దు చేయరానిది అని లేదు. మార్పులు మీకు నచ్చకపోతే పాత కూర్పునే వాడుకోవచ్చని విజార్డ్స్ తన సొంత ప్రశ్నోత్తరాల్లో ఏళ్ల క్రితం రాసింది. లైసెన్సుకు ప్రాణం పోసిన డాన్సీ కూడా రద్దు చేసే అధికారం వాళ్లకు లేదనే చెప్పాడు. అయినా ఉద్దేశం వేరు, కాగితం వేరు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లాను. మా పెదనాన్నగారి అబ్బాయి విజయవాడలో న్యాయవాది. చూసేవి ఎక్కువగా భూముల తగాదాలు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చోబెట్టి చేతికిచ్చాను.

"శాశ్వతం అని రాశారు కదా అన్నయ్యా, ఇక ఎలా తీసేస్తారు?"

"శాశ్వతం అంటే గడువు తేదీ లేదని అర్థంరా. వెనక్కి తీసుకోరాదు అని ఎక్కడుందో చూపించు."

లేదు కాబట్టి చూపించలేదు. అమెరికా చట్టం తన పరిధి కాదని, అక్కడి లాయరు మాత్రమే చెప్పగలడని ముందే అన్నాడు. ఇన్నేళ్లుగా జనం దీన్ని నమ్ముకుని వ్యాపారాలు పెట్టుకున్నారు కాబట్టి ఏ కోర్టూ తేలిగ్గా కొట్టేయకపోవచ్చని కూడా అన్నాడు. "కానీ అది తేలేనాటికి నీ దగ్గర ఫీజుకు డబ్బులుండవు. వాళ్లు గెలవక్కర్లేదు, నోటీసు ఇస్తే చాలు." అంతలో కాగితం తిరగేసి సెక్షన్ 15 దగ్గర ఆగాడు. "ఇవి లింకు డాక్యుమెంట్లు కదరా! నీకు అమ్మినవాడికి ఎవరు అమ్మారు, వాడికి ఎవరు అమ్మారు. మధ్యలో ఒక్కటి తప్పినా బ్యాంకు లోను ఇవ్వదు. నీ పుస్తకాల్లో ఇవి సరిగ్గా ఉన్నాయా?"

ఉన్నాయనే అన్నాను. కానీ ఆ ప్రశ్న నాతోపాటు హైదరాబాదు వచ్చింది.

అప్పటికే బయట పరిస్థితి వేడెక్కింది. పైజో కంపెనీ జనవరి 12న ఓర్క్ అనే మరో ఓపెన్ లైసెన్సు తెస్తామని ప్రకటించింది. కబోల్డ్ ప్రెస్, కేయాసియం, గ్రీన్ రోనిన్ లాంటి ప్రచురణకర్తలు తోడు నిలిచారు. వీరిలో పైజోకు ఇది రెండో అనుభవం. 2008లో విజార్డ్స్ నాలుగో ఎడిషన్‌ను ఓజీఎల్ కింద కాకుండా మరింత బిగువైన లైసెన్సు కింద ఇచ్చినప్పుడు, పాత ఎస్ఆర్‌డీనే పట్టుకుని మరుసటి ఏడాది పాత్‌ఫైండర్ అనే సొంత ఆట తెచ్చి బలమైన పోటీదారైన కంపెనీ అది. ఆటగాళ్లేమో విజార్డ్స్ ఆన్‌లైన్ సేవ డీఅండ్‌డీ బియాండ్ చందాలు రద్దు చేసుకోమని పిలుపునిచ్చుకున్నారు. 13వ తేదీన విజార్డ్స్ వెనక్కి తగ్గుతూ ప్రకటన ఇచ్చింది. పాచిక వేస్తే 1 పడిందని, అంటే ఘోరంగా విఫలమయ్యామని, ఆట భాషలోనే ఒప్పుకుంది. అంతటితో ఆగితే బాగుండేది. వాళ్లు గెలిచారు, మేమూ గెలిచాం అని మరో వాక్యం చేర్చింది. ఆ ప్రకటన రాసినవారిని పెళ్లి సంబంధాలు మాట్లాడే పనికి పంపకూడదు.

19న 1.2 ముసాయిదా వచ్చింది. రాయల్టీ లేదు, ఆదాయం లెక్కలు లేవు. మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద, అంటే ఎవరైనా వాడుకునేలా వేరే సంస్థ తయారుచేసిన లైసెన్సు కింద ఇస్తామన్నారు. 1.0ఎను అనధీకృతం చేస్తామన్నది మాత్రం అలాగే ఉంచారు. ద్వేషపూరిత విషయం ఉంటే లైసెన్సు రద్దు, ఏది ద్వేషపూరితమో నిర్ణయించేది వాళ్లే, ఆ నిర్ణయాన్ని మనం సవాలు చేయకూడదు. వర్చువల్ టేబుల్‌టాప్‌కు విడిగా ఒక విధానం పెట్టి, మ్యాజిక్ మిసైల్ మంత్రం వేస్తే తెరపై బాణాలు దూసుకుపోయే యానిమేషన్ చూపకూడదని ఉదాహరణ ఇచ్చారు. అది చదివి నా స్నేహితుడు, "నా చీకటి యానిమేషన్ అవుతుందా, కాదా?" అని అడిగాడు. ఎవరు చెప్పగలరు?

మరునాడు ప్రజాభిప్రాయ సర్వే తెరిచారు. రాత్రి కూర్చుని పూరించాను. సంతృప్తిగా ఉన్నారా, అసంతృప్తిగా ఉన్నారా అని ఒక్కో అంశానికీ అడిగి, కింద రాయడానికి పెట్టె ఇచ్చారు. కోపంతో రాసినవి వాళ్లకు ఎలాగూ వేలల్లో వస్తాయని ఊహించి నేను లెక్కగా రాశాను. మా పుస్తకాల్లో ఫలానా పటం ఫలానా నిబంధన కింద ఏమవుతుందో, ఇప్పటికే కొన్నవారికి ఏం చెప్పాలో అడిగాను. ఫిబ్రవరి 3 దాకా తెరిచి ఉంచుతామన్న సర్వేను జనవరి 27నే ముగించారు. 15,000కు పైగా జవాబులు వచ్చాయి. 1.2 కింద ప్రచురించబోమన్నవారు 88 శాతం, 1.0ఎను అనధీకృతం చేయడం నచ్చనివారు 89 శాతం. ఆ రోజే విజార్డ్స్ మొత్తం వదులుకుంది. 1.0ఎ జోలికి పోబోమని చెప్పి, పైగా 5.1 ఎస్ఆర్‌డీ (మేము వాడుకున్న అయిదో ఎడిషన్‌దే) మొత్తాన్ని, మూలం ఎవరిదో చెప్పి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 కింద విడుదల చేసింది. ఆ లైసెన్సులో వెనక్కి తీసుకోరాదన్న మాట ఉంది. అన్నయ్యకు ఫోను చేసి ఆ ఒక్క వాక్యం చదివి వినిపించాను. "ఇప్పుడు సరే" అన్నాడు.

చాలామంది అక్కడితో పండగ చేసుకుని ఎప్పటి పనిలో పడ్డారు. ఓజీఎల్ కూడా బతికే ఉంది, ఇక పుస్తకాలు మార్చడం దేనికని నా స్నేహితుడూ అన్నాడు. నాకు ఒప్పలేదు. మనసు మార్చుకున్నవాళ్లు మళ్లీ మార్చుకోవచ్చు. వాళ్లు మార్చుకోలేని కాగితం చేతిలో ఉండగా మార్చుకోగల కాగితం మీద ఎందుకు కూర్చోవాలి? ఆఖరికి పటాలు తనవి, మార్పిడి చాకిరీ నాది అని ఒప్పందం కుదిరింది.

లైసెన్సు మార్చడమంటే చివరి పేజీ చించి కొత్త పేజీ అంటించడమని పైకి అనిపిస్తుంది. అలా కుదరదు. విజార్డ్స్ క్రియేటివ్ కామన్స్‌లో పెట్టింది తన ఎస్ఆర్‌డీని మాత్రమే. ఇన్నేళ్లలో ఇతర ప్రచురణకర్తలు ఓజీఎల్ కింద విడుదల చేసినవి ఓజీఎల్ కిందే ఉన్నాయి. వాటిని కొత్త గూటికి మార్చే హక్కు వాటి యజమానులదే. మనం తీసుకున్న ప్రతి ముక్కా ఎవరిదో తేలితే గాని పుస్తకం కదలదు. రెండు లైసెన్సులూ ఒకే పుస్తకంలో కలిపి పెట్టుకోవచ్చు కదా అనిపించింది గాని, ఓజీఎల్ కింద పంచే ఓపెన్ కంటెంటుకు ఇతర షరతులేవీ తగిలించకూడదని దాని సెక్షన్ 2 అంటుంది. ఆ చిక్కులో తల దూర్చదలచుకోలేదు.

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి పుస్తకం పేరు, పేజీ, విషయం, ఎక్కడిది అని నాలుగు నిలువు వరుసలు పెట్టాను. మాది ఆకుపచ్చ, ఎస్ఆర్‌డీది నీలం, ఇతరులది నారింజ, తేలనిది ఎరుపు. కథ, ఊళ్లు, మనుషులు, నేపథ్యాలు ఆకుపచ్చ. మంత్రాల పేర్లు, ఆయుధాలు, మామూలు జంతువులు నీలం. మంత్రాల దగ్గర ఒక పాత అలవాటు కలిసొచ్చింది. అసలు పుస్తకంలో టెన్సర్, బిగ్బీ, లియోమండ్ అని మాంత్రికుల పేర్లతో ఉన్న మంత్రాలు ఎస్ఆర్‌డీలో ఆ పేర్లు తీసేసి ఉంటాయి. బిగ్బీ చెయ్యి అక్కడ ఉత్త మంత్రపు చెయ్యి. మేము మొదటి నుంచీ ఎస్ఆర్‌డీ పేర్లే రాశాం కాబట్టి అక్కడ పని లేకపోయింది.

కొరివి దెయ్యం కూడా నీలంలోనే తేలింది. ఊరి పొలిమేరలో నిప్పు చూపి బాటసారులను దారి తప్పించే మన దెయ్యానికి ఎస్ఆర్‌డీలోని విల్-ఓ-విస్ప్ గణాంకాలు అతికినట్టు సరిపోతాయి. ప్రాణబలాన్ని చెప్పే హిట్ పాయింట్లు 22 మాత్రమే, కానీ దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే ఆర్మర్ క్లాస్ 19. కనిపిస్తుంది గాని దెబ్బ తగలదు.

రాక్షసుడి దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. మన పురాణాల రాక్షసుడు ఈ ఆటలో చాలా కాలంగా ఉన్నాడు, నాగ, దేవలతో పాటు. ఎస్ఆర్‌డీలో ఉన్నది అతని గణాంకాల పట్టిక. 110 హిట్ పాయింట్లు, ఎంత గట్టి శత్రువో చెప్పే ఛాలెంజ్ రేటింగ్ 13, ఆరో స్థాయి దాకా ఏ మంత్రమూ అతనికి ఇష్టం లేకుండా అంటదు, మంచివాడి చేతిలోని మాయాయుధం పోటుకు మాత్రం రెట్టింపు గాయమవుతుంది. కానీ అమెరికా ఆటగాళ్ల మనసులో ఉన్న రూపం వేరు. పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు. ఆ వర్ణన అసలు పుస్తకంలోది, ఎస్ఆర్‌డీలో లేదు. రాక్షసుడు ఎవరి సొత్తూ కాదు గాని ఆ పులి తలవాడి విషయంలో అంత ధీమాగా చెప్పలేను. మా కథలో అతను ఊరి పెద్ద వేషంలో తిరుగుతాడు. నిజరూపం బయటపడే బొమ్మను తోలుబొమ్మలాట రావణుడిలా గీయమని చిత్రకారిణిని మొదట్లోనే అడిగాం. ఎర్రటి ఒళ్లు, గుడ్లురిమే కళ్లు, బయటికి పొడుచుకొచ్చిన కోరలు. పులి ఎక్కడని కొందరు కొనుగోలుదారులు రాశారు. మార్పిడి సమయంలో ఆ పేజీ పక్కన ఆకుపచ్చ పూస్తుంటే ఆ ఉత్తరాలు గుర్తొచ్చి హాయిగా అనిపించింది.

చిక్కంతా నారింజ రంగులో ఉంది. ఇద్దరు చిన్న ప్రచురణకర్తల పుస్తకాల నుంచి ఒక్కో జీవిని తీసుకుని వాడాం. ఓజీఎల్ కింద అది పూర్తిగా సక్రమం, సెక్షన్ 15లో పేర్లూ ఉన్నాయి. ఇద్దరికీ మెయిళ్లు రాశాను. జీవి పేరు, వాళ్ల పుస్తకంలో ఏ పేజీ, మా పుస్తకంలో ఏ పేజీ, ఏ లైసెన్సు కింద ఇవ్వగలరు, పేరు ఎలా వేయాలి అన్నీ అడిగాను. ఒకరి నుంచి ఆ వారంలోనే సంతోషంగా జవాబు వచ్చింది. గణాంకాల పట్టికను క్రియేటివ్ కామన్స్ కింద వాడుకొమ్మని, తన పేరు ఇలా వేయమని రాశాడు. ఆ మెయిలును పీడీఎఫ్ చేసి పుస్తకం ఫోల్డర్లో దాచాను. అన్నయ్య మాట ప్రభావం.

రెండో మెయిలు తిరిగొచ్చింది. ఆ కంపెనీ వెబ్‌సైటు చిరునామాలో ఇప్పుడు ఏదో బీమా ప్రకటన ఉంది. యజమానులు ఎవరో, హక్కులు ఎవరికి పోయాయో తెలియదు. ఓజీఎల్ గొప్పతనం ఇక్కడే తెలిసింది. ఆ కంపెనీ పోయినా అది విడిచిపెట్టిన జీవిని వాడుకునే హక్కు ఓజీఎల్ కింద మాకు ఇంకా ఉంది. కొత్త లైసెన్సులోకి మాత్రం దాన్ని తీసుకెళ్లలేం, అడగడానికి మనిషి లేడు.

ఆ జీవి మా కథకు గుండెకాయ. పాడుబడిన దిగుడు బావిలో ఉండి, మెట్ల మీదికి వచ్చినవాళ్లను తెలిసిన గొంతుతో పిలుస్తుంది. తీసేస్తే కథ లేదు. ఆట నియమం అనే ఆలోచనకు కాపీరైటు ఉండదని, దాన్ని రాసిన మాటలకే ఉంటుందని అమెరికా చట్టంలో ఉంది. గొంతు అనుకరించి పిలిచే జీవి అనే ఆలోచన ఎవరైనా వాడుకోవచ్చు. అయితే ఎక్కడ ఆలోచన ఆగి ఎక్కడ రాత మొదలవుతుందో తేల్చే స్థలం కోర్టు, అందుకే పాత పట్టికను పక్కన పెట్టి, దాని వైపు చూడకుండా మొదటి నుంచి కట్టాను. ఎస్ఆర్‌డీలోని పెద్ద మొసలి ఒళ్లు తీసుకున్నాను, 85 హిట్ పాయింట్లు. గొంతు కోసం అదే ఎస్ఆర్‌డీలోని గ్రీన్ హ్యాగ్ అనే మంత్రగత్తె దగ్గరికి వెళ్లాను. ఆమెకు మిమిక్రీ అనే గుణం ఉంది, విన్నవాళ్లు ఇన్‌సైట్ పరీక్షలో 14 తెచ్చుకుంటే అది నకిలీ గొంతని కనిపెట్టగలరు. రెండూ కలిపి, నీళ్లలో ఉన్నంతసేపే గొంతు పనిచేస్తుందన్న నియమం నేను చేర్చాను.

స్నేహితులతో ఆడి చూశాం. పాత జీవి కంటే ఇదే బాగుంది. పాతది ఎక్కడైనా పిలవగలిగేది, ఇది బావికి కట్టుబడింది కాబట్టి ఆటగాళ్లు నీళ్లు తోడేద్దామని ఆలోచించారు. అటు గిలక, తాడు, ఇటు మెట్ల మీద తోపులాట. నేను రాయని సన్నివేశం దానంతట అదే తయారైంది.

ఎరుపు రంగులో మిగిలినవి కొన్ని వాక్యాలు, ఒక ఉచ్చు వర్ణన, ఒక నిధి జాబితా. ఎక్కడివో తేలలేదు కాబట్టి అన్నీ కొట్టేసి కొత్తగా రాశాను. వెతకడం కంటే రాయడమే త్వరగా అయింది.

ఇక కాగితం పని. ఓజీఎల్ పాఠం తీసేశాం. ఓపెన్ కంటెంటు ఇది, మా సొత్తు ఇది అని ముందు పేజీలో ఉన్న ప్రకటన కూడా పోయింది. ఆ స్థానంలో, ఈ పుస్తకంలో 5.1 ఎస్ఆర్‌డీ నుంచి తీసుకున్న విషయం ఉందని, అది క్రియేటివ్ కామన్స్ కింద ఉందని చెప్పే వాక్యం వచ్చింది. అది ఎలా ఉండాలో విజార్డ్స్ ఎస్ఆర్‌డీ మొదటి పేజీలోనే ఇచ్చింది. అంతకు మించి తమ పేరు వాడవద్దని, అయిదో ఎడిషన్‌కు సరిపోతుందని మాత్రం చెప్పుకోవచ్చని కూడా అక్కడే ఉంది. మేము మార్పులు చేశామని ఒక వాక్యం కలిపాం, ఆ లైసెన్సు అడిగేది అదే. అలా ఒకటిన్నర పేజీ ఒక పేరా అయింది. మిగిలిన స్థలంలో నా స్నేహితుడు బావి అడ్డుకోత పటం పెట్టాడు.

మేము రాసినదాని సంగతి కూడా తేల్చుకోవాలి. ఈ లైసెన్సు మన సొంత రచనను కూడా తెరిచిపెట్టమని బలవంతం చేయదు. గణాంకాల పట్టికలను మేమూ క్రియేటివ్ కామన్స్ కింద పెట్టాం, కథ, పటాలు, బొమ్మలు మా దగ్గరే ఉంచుకున్నాం. మన దగ్గర నుంచి ఎవరో మొసలిని తీసుకుంటారు, వాళ్లకు నేను దొరకని రోజు రావచ్చు. ఆ తిరిగొచ్చిన మెయిలు చూశాక ఇందులో చర్చ ఏమీ లేకపోయింది. పీడీఎఫ్‌లో అక్షరాలు కాపీ చేయకుండా పెట్టిన తాళం కూడా తీసేశాం, లైసెన్సు ఇచ్చిన హక్కులకు సాంకేతిక అడ్డంకులు పెట్టకూడదని అందులో నిబంధన ఉంది.

దుకాణంలో పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టి, పాత కొనుగోలుదారులకు చిన్న ఉత్తరం పంపాం. వాళ్ల దగ్గరున్న పాత కాపీ ఓజీఎల్ కింద అలాగే చెల్లుతుంది, అందులో ఓపెన్‌గా ఇచ్చినదాన్ని మేము వెనక్కి తీసుకోవడం లేదని రాశాం. నా స్నేహితుడు విడిగా రాసిన ఒక సాహసగాథ డీఎమ్స్ గిల్డ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఉంది. అది విజార్డ్స్ సొంత కథాప్రపంచమైన ఫర్‌గాటెన్ రియల్మ్స్ లోకంలో జరిగే కథ, అక్కడి ఒప్పందం వేరు, రచయితకు సగం వాటా. దాన్ని బయటికి తెచ్చే వీలు లేదు, తెచ్చే పనీ పెట్టుకోలేదు.

ఓర్క్ లైసెన్సు తుది రూపం ఆ ఏడాది మధ్యలో వచ్చింది. చదివాను, బాగుంది. ఆట నియమాలు వేరు, కథాప్రపంచం వేరు అని గీత స్పష్టంగా గీసింది, మన నియమాలను కూడా అదే లైసెన్సు కింద పంచుకోమంటుంది. మా పుస్తకాలు 5.1 మీద నిలబడ్డాయి కాబట్టి మాకు అవసరం పడలేదు. పైజో వాళ్లు మాత్రం పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ మొత్తాన్ని ఓజీఎల్ నుంచి ఓర్క్‌కు తరలించారు. 2023 నవంబరు నుంచి వచ్చిన కొత్త పుస్తకాల్లో రంగుల పేర్ల డ్రాగన్లు లేవు, పాత్రలను మంచివాళ్లు, చెడ్డవాళ్లుగా విడదీసే గడులు లేవు, మంత్రాల ఎనిమిది శాఖలు లేవు, మ్యాజిక్ మిసైల్‌కు ఫోర్స్ బరాజ్ అని కొత్త పేరు వచ్చింది. నా స్ప్రెడ్‌షీట్ లాంటిది వాళ్ల దగ్గర ఎంత పెద్దదై ఉంటుందో ఊహించుకుని వాళ్ల ఎడిటర్ల మీద జాలిపడ్డాను.

2025 ఏప్రిల్‌లో కొత్త నియమాలతో 5.2 ఎస్ఆర్‌డీ కూడా క్రియేటివ్ కామన్స్ కిందే వచ్చింది. మా తర్వాతి పుస్తకం దాని మీద రాస్తున్నాం. ఈసారి స్ప్రెడ్‌షీట్ రాతతో పాటే నడుస్తోంది, ఏ పట్టిక ఎక్కించినా ఆ రాత్రే రంగు పడుతోంది.

దానితో పాటు మరో చిన్న పని మొదలైంది. అన్నయ్య పిల్లలిద్దరికీ ఆట నేర్పుతుంటే ఇంగ్లిషు నియమాలు అడ్డం వస్తున్నాయని, మొదటి స్థాయి పాత్రలకు, కొన్ని జీవులకు సరిపడా నియమాలను ఎస్ఆర్‌డీ నుంచి తెలుగులోకి తెస్తున్నాను. ముందు పేజీలో అట్రిబ్యూషన్ వాక్యం ఇచ్చినది ఇచ్చినట్టు ఉంది, కింద తెలుగులోకి మార్చామన్న గమనిక ఉంది. ఉచితంగానే పెడతాం, ఎవరైనా దిద్దుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. బావి పటం మాత్రం నా స్నేహితుడిది. దానికి అతని అనుమతి మెయిలు వచ్చాక చేరుస్తాను.